ఉదజని కారు బ్యాటరీ కారును తొలగించగలదా?

2014 డిసెంబరులో జపానునందు టయోటా సంస్థ ఒక క్రొత్త కారును అమ్మకమునకు పెట్టినది. దాని పేరు మిరాయ్. జపాను భాషలో ఆ మాటకు భవిష్యత్తు అని అర్థము. ఈ కారులో పెట్రోలు టాంకు లేదు. దానికి బదులు మిక్కుటమైన పీడనముతో ఉదజనిని, అనగా హైడ్రోజను వాయువును నింపిన తొట్లు కలవు. కారు నడచునప్పుడు వెనుక గొట్టమునుండి వెలువడునది నీరు మాత్రమే. 2022 మార్చిలో కేంద్ర రహదారుల మంత్రి నితిన్ గడ్కరీ ఇట్టి కారులోనే పార్లమెంటునకు వచ్చినప్పుడు మన దేశమునను దీనిని గురించిన ముచ్చట విస్తరించినది. "నీటితో నడచు కారు" అను మాట తరగతి గదులలో కూడ వినవచ్చుచున్నది.

మొదట ఈ మాటను సరిదిద్దవలసియున్నది. కారు నీటితో నడవదు, నీటిని విసర్జించును. కట్టె కాలగా బూడిద మిగిలినట్లే, ఉదజని ఆమ్లజనితో కలియగా నీరు మిగులును. బూడిదతో పొయ్యి రాజుకొనదు. నీటినుండి మరల ఉదజనిని తీయవలెనన్నచో, ఆ రెండును కలిసినప్పుడు వెలువడిన శక్తికి తక్కువ కాకుండ మనము తిరిగి చెల్లించవలెను. ఈ చెల్లింపు ఎంత, దానిని ఎవరు చెల్లించుచున్నారు అను ప్రశ్నలను విడిచి, కారు వెనుక కారు నీటిబొట్లను మాత్రమే చూపుట ఉదజని పక్షము వారి వాదములోని మొదటి లోపము.

ఆ వాదమునకు బలము లేదనుట న్యాయము కాదు. అయిదు నిమిషములలో తొట్టి నిండును. ఒకసారి నింపిన 500 కిలోమీటర్లకు పైగా పోవచ్చును. కిలో ఉదజనిలో సుమారు 33 యూనిట్ల శక్తి ఉన్నది. కిలో పెట్రోలులో 12 యూనిట్లు, కిలో లిథియము బ్యాటరీలో యూనిటులో పావువంతు కూడ నిండదు. ఇవి అబద్ధములు కావు. కాని బ్యాటరీ బండ్ల స్థానమును ఉదజని బండ్లు ఆక్రమించుననుటకు ఇవి చాలునా అన్నదే విచారింపదగిన విషయము.

"ఇది ఇంకను పసితనములో ఉన్నది, ఎదిగిన తరువాత చూడుడు" అని కొందరందురు. వయస్సు లెక్క చూచిన కథ తారుమారగును. విలియం గ్రోవ్ అను బ్రిటిషు న్యాయవాది ప్లాటినపు రేకులమీద ఉదజని, ఆమ్లజనులను కలిపి విద్యుత్తును పుట్టించినది 1839లో. (ఆయన తరువాత న్యాయమూర్తి కూడ అయ్యెను.) మన మోటారు బండ్లలోని సీసపు బ్యాటరీని ఫ్రాన్సులో ప్లాంటే తయారుచేసినది ఇరువది సంవత్సరముల తరువాత, 1859లో. లిథియము-అయాను బ్యాటరీ సోనీ సంస్థనుండి బజారుకు వచ్చినది 1991లో. కనుక ఇంధన ఘటమే అందరిలోను పెద్దది. 1959లో ఇంగ్లండునందు ఫ్రాన్సిస్ బేకన్ అయిదు కిలోవాట్ల ఘటమును నడిపి చూపెను. 1965లో జెమిని-5 అంతరిక్ష నౌకకు ఇట్టి ఘటములే విద్యుత్తునిచ్చినవి. అపోలో యాత్రికులు తమ ఘటములలో పుట్టిన నీటినే త్రాగిరి. 1966లోనే అమెరికాలో జనరల్ మోటార్స్ వారు ఒక వానులో ఇంధన ఘటములను అమర్చి రోడ్డుమీద నడిపిరి. ఆ వాను వెనుక భాగమంతయు ఘటములు, గొట్టములు, ద్రవరూపమైన ఉదజని, ఆమ్లజనుల తొట్లతో నిండిపోగా ఇద్దరు కూర్చుండుటకు మాత్రమే చోటు మిగిలినది. అప్పటినుండి ఘటము చిక్కి, కారు ముందుభాగములో ఇమిడిపోయినది. ఇది ఇంజనీర్ల ఘనతయే. అయినను చిక్కు ఘటము పరిమాణములో లేదు, వోల్టులలో ఉన్నది.

ఈ సంగతి ఉన్నత పాఠశాలలోని హాఫ్మన్ పరికరముతోనే తెలియును. నీటిలో కొంచెము గంధకికామ్లము కలిపి విద్యుత్తును పంపినప్పుడు ఒక గొట్టములో ఉదజని, మరియొక గొట్టములో దానిలో సగము ఆమ్లజని చేరును. సిద్ధాంతము ప్రకారము నీటిని విడదీయుటకు 1.23 వోల్టులు చాలును. ఒక్క టార్చిలైటు ఘటముతో ఈ ప్రయోగము చేయబూనిన ఉపాధ్యాయునకు బుడగలు ఎంత మందముగా వచ్చునో తెలిసియే యుండును. చురుకుగా వాయువులు రావలెనన్న ఎక్కువ వోల్టులు ఈయవలెను. కర్మాగారములలో ఒక్కొక్క ఘటమునకు 1.8 నుండి 2 వోల్టుల వరకు ఇచ్చుచుందురు. ఇక కారులో ఈ పనియే తలక్రిందులుగా జరుగును. ఉదజనియు ఆమ్లజనియు కలిసి విద్యుత్తు నిచ్చును. అప్పుడు కూడ సిద్ధాంతము 1.23 వోల్టులు రావలెననును. కాని బండి లాగవలసినంత విద్యుత్తును తీయునప్పుడు ఒక్కొక్క ఘటమునుండి దొరకునవి 0.7 వోల్టుల ప్రాంతమే. అందుచేతనే మొదటి మిరాయ్‌లో 370 ఘటములను వరుసగా జోడించవలసివచ్చినది.

రెండు వైపులను నడచిన ఎలక్ట్రానుల సంఖ్య ఇంచుమించు ఒక్కటే. ప్రతి ఎలక్ట్రానును 1.9 వోల్టుల వెలకు కొని 0.7 వోల్టులకు అమ్మినట్లున్నది ఈ బేరము. నూటికి 37 పాళ్లు మాత్రమే చేతికి వచ్చినవి. తక్కినది వేడియై పోయినది. లిథియము బ్యాటరీలో ఇదే లెక్క వేయుడు: నింపునప్పుడు సుమారు 3.8 వోల్టులు, వాడునప్పుడు సుమారు 3.6. నూటికి 95 పాళ్లు మిగిలినవి. ఛార్జరులోను తీగలలోను పోవునది కలిపినను 85 పాళ్లకు తగ్గుట అరుదు.

ఆ పోయిన వోల్టులు ఎక్కడికి పోయినవి? ఉదజని వైపు నష్టము స్వల్పము. ఉదజని అణువు ప్లాటినముపై వాలిన వెంటనే విడిపోయి ప్రోటానులను పొర గుండ పంపును. మొరాయించునది ఆమ్లజని. దాని అణువులోని రెండు పరమాణువుల బంధమును త్రెంచి, నాలుగు ఎలక్ట్రానులను, నాలుగు ప్రోటానులను చేర్చి రెండు నీటి అణువులను చేయవలెను. ఈ నడక అంచెలంచెలుగా జరుగును. ఏ అంచె వద్ద నిలిచినను వోల్టులను మూల్యముగా అడుగును. నీటిని విడదీయునప్పుడు కూడ ఆమ్లజని వైపునే ఈ ఇబ్బంది మరల ఎదురగును. ప్లాటినము కంటె మేలైన ఉత్ప్రేరకమును కనుగొనుటకు రసాయన శాస్త్రజ్ఞులు దశాబ్దములుగా శ్రమించుచున్నారు. ప్లాటినము వాడకము చాల తగ్గినది. వోల్టుల నష్టము మాత్రము అంతగా తగ్గలేదు. కావున "రేపు సామర్థ్యము రెట్టింపగును" అని వాగ్దానము చేయువారు ఆమ్లజనితో ముందుగా ఒప్పందము చేసికొనవలెను.

ఇక రోడ్డు లెక్క. కిలో ఉదజనిని నీటినుండి తీయుటకు సుమారు 50 నుండి 55 యూనిట్ల విద్యుత్తు కావలెను. దానిని 700 వాతావరణముల పీడనమునకు అణచి, నింపునప్పుడు తొట్టి వేడెక్కకుండ వాయువును సున్నకు 40 డిగ్రీలు దిగువకు చల్లబరచుటకు మరికొన్ని యూనిట్లు. మొత్తము 58 యూనిట్లనుకొందము. రెండవ తరము మిరాయ్ 5.6 కిలోల ఉదజనితో అమెరికా ప్రభుత్వపు పరీక్షలో 647 కిలోమీటర్లు పోయినది, అనగా కిలోకు సుమారు 115 కిలోమీటర్లు. నూరు కిలోమీటర్లకు కావలసినది 0.87 కిలో, విద్యుత్తుగా చెప్పిన 50 యూనిట్లు. అంత పరిమాణముగల బ్యాటరీ కారు అదే దూరమునకు గోడ ప్లగ్గునుండి 16 మొదలు 20 యూనిట్ల వరకు పుచ్చుకొనును. తరగతి గదిలోని వోల్టుల లెక్కయు, రోడ్డుమీది యూనిట్ల లెక్కయు ఒకే సంగతి చెప్పుచున్నవి: ఒక ఉదజని కారును నడపు విద్యుత్తుతో ఇంచుమించు మూడు బ్యాటరీ కార్లు నడచును. ఒక్క గాలిమర చాలు చోట మూడు నిలుపవలెను.

బరువు వాదమును కూడ కొంచెము తూచి చూడవలెను. ఉదజని తేలిక, దానిని పట్టియుంచు పాత్ర తేలిక కాదు. మొదటి మిరాయ్‌లో 5 కిలోల వాయువును దాచుటకు కర్బనపు నారతో చుట్టిన రెండు తొట్ల బరువు 87 కిలోలు దాటినది. అవి 122 లీటర్ల చోటును ఆక్రమించినవి. పైగా స్తంభాకృతిలో ఉండుటచే సీట్ల క్రింద, సామాను అరలో ఇబ్బంది పెట్టును. దానికి ఘటములు, గాలిని త్రోయు యంత్రము, వేడిని పోగొట్టు రేడియేటరు తోడగును. మొత్తము కారు బరువు 1,850 కిలోలు. పెద్ద బ్యాటరీ మోయుచున్న కారు బరువును అంతే. కిలో ఉదజనిని కిలో బ్యాటరీతో పోల్చుట బియ్యమును, వండిన అన్నమును ఒకే తక్కెడలో తూచుట వంటిది.

ఇందులో మరియొక విశేషము కలదు. బ్యాటరీని తొలగించుటకు వచ్చిన ఈ కారులోనే ఒక బ్యాటరీ ఉన్నది! బ్రేకు వేసినప్పుడు మోటారు తిరిగి విద్యుత్తును పుట్టించును. దానిని దాచుకొనుటకు ఇంధన ఘటమునకు శక్తి లేదు. ఒక్కసారిగా వేగము పెంచవలసినప్పుడు కూడ ఘటము కొంచెము ఆలస్యముగా స్పందించును. ఈ రెండు పనులకును చిన్న బ్యాటరీయే ఆధారము. మిరాయ్ నిజమునకు ఒక విద్యుత్ కారే. దాని బ్యాటరీని చిన్నది చేసి, మధ్యలో ఒక రసాయన కర్మాగారమును పెట్టినారు.

ఇంతవరకు ఉదజని నీటినుండి వచ్చినదనియే లెక్క. వాస్తవము వేరు. 2023లో ప్రపంచము వాడిన ఉదజని 9 కోట్ల 70 లక్షల టన్నులు. అందులో నూటికి ఒక పాలు కూడ స్వచ్ఛమైన మార్గమున వచ్చినది కాదు. అత్యధిక భాగము సహజవాయువును నీటియావిరితో చర్య జరిపించి తీసినది, లేదా బొగ్గునుండి తీసినది. సహజవాయువునుండి కిలో ఉదజని తీయునప్పుడు 9, 10 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. అట్టి ఉదజనితో నూరు కిలోమీటర్లు పోయిన కారు, తాను నీటిని మాత్రమే విడిచినను, కర్మాగారము వద్ద 8 కిలోలకు పైగా ఆ వాయువును విడిచినట్లే. లీటరు పెట్రోలుతో 25 కిలోమీటర్లు పోవు కారు విడుచునది 9 కిలోల ప్రాంతము. ఇంత ఖర్చు చేసి సాధించిన తేడా ఇది!

ఈ లెక్కలో బ్యాటరీ పక్షమును కూడ వదలరాదు. మన దేశపు విద్యుత్తులో ముప్పాతిక వంతు ప్రాంతము బొగ్గునుండియే వచ్చుచున్నది. యూనిటుకు సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు పుట్టును. మిరాయ్ అంతటి బ్యాటరీ కారు నూరు కిలోమీటర్లకు 17 యూనిట్లు వాడినచో 12 కిలోలు. ఇది పెట్రోలు కారుకంటె పెద్ద మేలేమియు కాదు. మన చిన్న విద్యుత్ కార్లు తక్కువ యూనిట్లతో పోవును కనుక కొంత నయము. కాని ఇదే విద్యుత్తుతో ఉదజని చేసి నడిపిన 35 కిలోలు! ముందుముందు సూర్యకాంతి, గాలి విద్యుత్తు పెరిగినకొలది రెండు సంఖ్యలును తగ్గును. వాటి నిష్పత్తి మాత్రము అట్లే నిలుచును.

శాస్త్రము ఇట్లుండగా బజారు ఏమి చెప్పినది? ఉదజని కార్లకు ప్రపంచములో మంచి పరీక్ష జరిగిన చోట్లలో ఒకటి అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము. అక్కడ ప్రభుత్వము సొమ్మిచ్చి ఉదజని నింపు కేంద్రములను కట్టించినది. కారు కొన్నవారికి టయోటా 15,000 డాలర్ల విలువగల ఇంధనమును ఉచితముగా ఇచ్చినది. అయినను పంపులు తరచుగా చెడిపోవుట, వాయువు చాలకపోవుట సామాన్యమైనవి. 2023 చివరికి కొన్ని కేంద్రములలో కిలో వెల 36 డాలర్లకు చేరినది. తొట్టి నిండుటకు 200 డాలర్లు! 2024 ఫిబ్రవరిలో షెల్ సంస్థ ఆ రాష్ట్రములో కార్లకై నడుపుచున్న తన ఏడు కేంద్రములను శాశ్వతముగా మూసివేయుచున్నట్లు ప్రకటించినది. నార్వేలో 2019 జూన్ 10న ఓస్లో సమీపమున ఒక కేంద్రములో పీడన తొట్టి బిగింపులో జరిగిన పొరపాటువలన వాయువు కారి ప్రేలుడు జరిగినది. ప్రాణనష్టము లేదు. కాని కొంతకాలము నింపు కేంద్రములు మూతపడి, కార్ల అమ్మకమును కంపెనీలు నిలిపివేసినవి. అయిదు నిమిషములలో తొట్టి నిండునన్నది నిజమే. పని చేయు పంపు ఏ ఊరిలో ఉన్నదో వెదకుటకు పట్టు కాలమును ఆ అయిదు నిమిషములలో చేర్చలేదు.

బ్యాటరీ కారునకు ఇట్టి ఇబ్బంది తక్కువగుటకు కారణము దాని గొప్పతనము కాదు. విద్యుత్ తీగ అంతకు నూరేండ్ల ముందే ఇంటింటికి వచ్చియున్నది. పైగా బ్యాటరీలు ఫోనులలోను, లాప్‌టాపులలోను ముందుగా పెరిగి, ఆ తరువాత కారెక్కినవి. 2010లో యూనిటు నిల్వకు వేయి డాలర్లకు మించియున్న బ్యాటరీ వెల 2024 నాటికి 115 డాలర్ల ప్రాంతమునకు దిగినది. ఆ సంవత్సరము ప్రపంచములో అమ్ముడైన విద్యుత్ కార్లు, పెట్రోలు యంత్రమును కూడ ఉంచుకొని ప్లగ్గుతో నింపుకొనువాటిని కలుపుకొని, ఒక కోటి 70 లక్షలు దాటినవి. మిరాయ్ తన పదేండ్ల జీవితమంతయు కలిపి పదివేల లెక్కలోనే ఉన్నది.

బ్యాటరీకి దోషములు లేవా? ఉన్నవి. అపార్టుమెంటులో మూడవ అంతస్తున కాపురముండి, వీధిలో బండి నిలుపుకొనువానికి రాత్రిపూట ప్లగ్గు ఎక్కడ? లిథియము త్రవ్వకము కొన్ని దేశముల చేతిలో, దాని శుద్ధి ఇంచుమించుగా చైనా చేతిలో ఉన్నది. నిప్పంటుకొన్న బ్యాటరీని ఆర్పుట కష్టము. కోబాల్టు, నికెలు అవసరము లేని ఇనుము-ఫాస్ఫేటు బ్యాటరీలు వచ్చుటచే ఒక చిక్కు విడిపోయినది. తక్కినవి ఇంకను ఉన్నవి. కాని ఇవి ప్లగ్గులు పెట్టియు, కర్మాగారములు కట్టియు తీర్చదగిన లోటులు. ఆమ్లజని అడుగు వోల్టులు అట్టివి కావు.

దూరము పోవు పెద్ద లారీల విషయములో వాదము ఇంకను ముగియలేదు. అక్కడ బ్యాటరీ బరువు సరకు బరువును తినివేయును. నిలిచియుండు గంటలు నష్టమును తెచ్చును. మన ప్రభుత్వము కూడ దీనిని గుర్తించినట్లున్నది. 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గము 19,744 కోట్ల రూపాయలతో ఆమోదించిన జాతీయ హరిత ఉదజని కార్యక్రమము క్రింద, 2025 మార్చిలో 37 వాహనములతో ప్రయోగములు మంజూరైనవి. వాటికి కేటాయించిన పది దారులలో విశాఖపట్టణము-బయ్యవరము జాతీయ రహదారి ఒకటి. ఆ 37 వాహనములును బస్సులు, లారీలు మాత్రమే. కారు ఒక్కటియు లేదు.

ఆ కార్యక్రమము 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉదజనిని స్వచ్ఛమైన విద్యుత్తుతో తీయవలెనని లక్ష్యము పెట్టుకొన్నది. దానికి 25,000 కోట్ల యూనిట్ల విద్యుత్తు కావలెను. క్రొత్తగా 125 గిగావాట్ల సౌర, పవన కేంద్రములు నిలుపవలెను. ఇంత చేసినను వచ్చునది మన నూనెశుద్ధి, ఎరువుల కర్మాగారములు ఇప్పటికే ఏటా వాడుచున్న ఉదజనికి సరిపోవునంతయే. 2025 జనవరిలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిన అనకాపల్లి జిల్లా పూడిమడక కేంద్రమునందు కూడ తలపెట్టినది రోజుకు 1,500 టన్నుల ఉదజని. దానిలో ఎక్కువ భాగము అమోనియా, మిథనోలు వంటి పదార్థములుగా మారి ఎగుమతి కావలసియున్నది.

రామగుండములో 2021నుండి నడచుచున్న ఎరువుల కర్మాగారము తన ఉదజనిని సహజవాయువునుండియే తీసికొనుచున్నది. కారునకు ఉదజని లేకున్నను బ్యాటరీ ఉన్నది. అమోనియాకు ఉదజని లేకున్న వేరు మార్గము లేదు. మిరాయ్‌ను లక్షా పదునైదువేల కిలోమీటర్లు నడపగల ఒక టన్ను ఉదజని, నత్రజనితో కలిసి 5.6 టన్నుల అమోనియా అగును. దానికి కావలసిన బొగ్గుపులుసు వాయువును వేరుగా సమకూర్చినచో సుమారు పది టన్నుల యూరియా వచ్చును, అనగా 45 కిలోల బస్తాలు రెండువందలకు పైగా.